చిన్న క్యాబినెట్‌లో నీళ్లు: మోసేది అవే, చల్లార్చేది మాత్రం గాలే

170 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. చిన్న కంప్యూటర్లలో వాడే మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు కొలత ఇది. తైవాన్‌కు చెందిన వయా కంపెనీ 2001లో ఈ కొలతను తెచ్చినప్పుడు దాని మీద కూర్చున్నవి నెమ్మదైన ప్రాసెసర్లు. కొన్నింటికి ఫ్యాను కూడా ఉండేది కాదు, రెక్కలున్న అల్యూమినియం దిమ్మె ఒకటి పైన పెడితే సరిపోయేది. ఇప్పుడు అదే బోర్డు మీద ఇంటెల్ కోర్ ఐ9-13900కె పెట్టొచ్చు. గట్టిగా పనిచేసేటప్పుడు అది 253 వాట్ల దాకా లాగుతుంది. ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్ అయితే 230 వాట్లు. పక్కన గ్రాఫిక్స్ కార్డు సరేసరి, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5090కి కంపెనీ చెప్పిన అంకె 575 వాట్లు. ఇన్నేళ్లలో బోర్డు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు. క్యాబినెట్లయితే ఇంకా చిక్కిపోయాయి.

ఇంత వేడిని పది పన్నెండు లీటర్ల ఘనపరిమాణం ఉన్న పెట్టెలో ఎలా సర్దాలి అనగానే ఠక్కున వచ్చే జవాబు లిక్విడ్ కూలింగ్. ప్రాసెసర్ మీద రాగి పలక పెట్టి, పంపుతో దాని గుండా నీళ్లు తిప్పి, ఆ వేడిని గొట్టాల్లో రేడియేటర్ దాకా, అంటే ఫ్యాన్లు బిగించిన రెక్కల చట్రం దాకా, మోసుకెళ్లే పద్ధతి అది. నీళ్లు పెడితే చల్లగా ఉంటుందన్న నమ్మకం అందరిలోనూ ఉంది. అది సగమే నిజం. పెద్ద టవర్ క్యాబినెట్‌లో ఆ మిగతా సగం పట్టించుకోకపోయినా ఏదోలా నడిచిపోతుంది. చిన్న పెట్టెలో అదే ముఖ్యమైపోతుంది.

నీళ్ల సత్తా ఎంత

ముందు నీళ్లకు దక్కాల్సింది నీళ్లకు ఇవ్వాలి. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4186 జౌల్స్ కావాలి. కిలో గాలికి దాదాపు 1005 చాలు. తేడా నాలుగు రెట్లే కదా అనిపిస్తుంది, కానీ కిలో గాలి ఒక చిన్న అల్మరా అంత చోటు ఆక్రమిస్తుంది. చోటు లెక్కన పోల్చితే నీళ్లు గాలి కంటే దాదాపు 3500 రెట్లు ఎక్కువ వేడిని పట్టుకుంటాయి. వేలు లావు గొట్టంలో వెళ్లే నీళ్లు చేసే పనిని గాలితో చేయించాలంటే ఎంత పెద్ద దారి కావాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

నిమిషానికి ఒక లీటరు నీళ్లు తిరుగుతున్నాయనుకుందాం. ప్రతి 70 వాట్లకు ఆ నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కుతాయి. ప్రాసెసర్ 140 వాట్లు వదులుతుంటే దాని దగ్గరికి వచ్చే నీళ్లకూ, దాని నుంచి వెళ్లే నీళ్లకూ తేడా రెండు డిగ్రీలు, అంతే. అందుకే నడుస్తున్న కూలర్ గొట్టాలు రెండూ పట్టుకుని చూస్తే ఏది వేడిదో ఏది చల్లదో చెయ్యి చెప్పలేదు. ఇది చూసి పంపు పనిచేయడం లేదేమోనని కంగారుపడేవాళ్లున్నారు. నిజానికి అది పంపు బాగా తిరుగుతోందనడానికి గుర్తు. ఒక గొట్టం బాగా వేడిగా, రెండోది చల్లగా ఉంటేనే అనుమానించాలి. రెండూ చల్లగానే ఉండి, ప్రాసెసర్ మాత్రం 95 డిగ్రీలు చూపిస్తుంటే ఆ అనుమానం ఇంకా పెరగాలి. నీళ్లు కదలడం లేదు, లేదా రాగి పలక చిప్‌కు సరిగ్గా ఆనలేదు.

అయితే నీళ్లు ఆ వేడిని ఎక్కడికో తీసుకెళ్లి మాయం చేయవు. రేడియేటర్ దాకా మోసుకెళ్లి అక్కడి గాలి చేతిలో పెడతాయి. ఆఖరుకు ప్రతి వాటూ గాలిలోకే పోవాలి, ఆ గాలి పెట్టె దాటి బయటికి పోవాలి. ఇక్కడ నీళ్ల సత్తా ఏమీ పనికిరాదు. నిమిషానికి ఒక ఘనపు మీటరు గాలి పెట్టెలోంచి సాగితే ప్రతి 20 వాట్లకు ఆ గాలి ఒక డిగ్రీ వేడెక్కుతుంది. మొత్తం 400 వాట్లు తీసుకునే కంప్యూటర్ నుంచి అంత గాలే పోతుంటే బయటికొచ్చే గాలి గది కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటుంది. లోపల రాగి దిమ్మె ఉన్నా, నీళ్ల పంపు ఉన్నా ఈ లెక్క మారదు. గది కూడా అంతే వేడెక్కుతుంది. లిక్విడ్ కూలింగ్ పెట్టాక గది చల్లగా ఉందని ఎవరైనా అంటే అది ఏసీ మహిమ.

అసలు ఎయిర్ కూలర్, లిక్విడ్ కూలర్ అని మనం చెప్పుకునే తేడా కూడా పైపైదే. ఎయిర్ కూలర్‌లో రాగి గొట్టాల్లా కనిపించే హీట్ పైపుల లోపల ఉండేదీ కాసిని నీళ్లే. గాలి పీల్చేసి, గొట్టం గోడలకు రాగి పొడితో ఒత్తులాంటి పొర వేసి, అందులో కొద్దిగా నీరు పోసి మూసేస్తారు. వేడి తగిలిన కొస దగ్గర నీరు ఆవిరవుతుంది, చల్లటి కొస దగ్గర మళ్లీ నీరై ఒత్తిలోంచి వెనక్కి పాకుతుంది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని చేసి చూపించాడు. చిన్న దూరాలకు ఇంతకు మించిన వేడి వాహకం దొరకడం కష్టం.

మరి పంపు, గొట్టాలు దేనికి? హీట్ పైపు గట్టి లోహం, దూరం వెళ్లలేదు, మలుపులు ఎక్కువైతే దాని సత్తువ తగ్గిపోతుంది. కాబట్టి ప్రాసెసర్ ఎక్కడుందో రెక్కలు కూడా దాదాపు అక్కడే ఉండాలి. నాక్చువా ఎన్‌హెచ్-డీ15 లాంటి పెద్ద ఎయిర్ కూలర్ ఎత్తు 165 మి.మీ. చిన్న క్యాబినెట్లలో ప్రాసెసర్ మీద దొరికే చోటు చాలాసార్లు 50 నుంచి 70 మి.మీ. అక్కడ పట్టేది అదే కంపెనీ చేసే ఎన్‌హెచ్-ఎల్9 లాంటి పొట్టి కూలరే, ఫ్యానుతో కలిపి 37 మి.మీ. రబ్బరు గొట్టానికి ఈ బంధం లేదు. ప్రాసెసర్ ఒక మూల ఉంటే రెక్కలు ఇంకో మూల, పెట్టె పక్క గోడకో పైకప్పుకో ఉండొచ్చు. చిన్న కంప్యూటర్‌లో లిక్విడ్ కూలర్‌కు డబ్బు పెట్టేది చల్లదనం కోసం కాదు, రెక్కల్ని తీసుకెళ్లి గాలి ఉన్నచోట పెట్టుకునే వెసులుబాటు కోసం. అలాంటి చోటు పెట్టెలో లేకపోతే ఆ డబ్బు దండగే.

మిల్లీమీటర్ల బేరం

రేడియేటర్ల సైజులు వాటికి పట్టే ఫ్యాన్లను బట్టి ఉంటాయి. 120 అంటే ఒక 120 మి.మీ. ఫ్యాను, 240 అంటే రెండు, 360 అంటే మూడు. 140 ఫ్యాన్ల వరుసలో 280, 420. పేరులోని అంకెను మాత్రమే చూస్తే మోసపోతాం. ముఖం వైశాల్యం లెక్కేస్తే 240కి 288 చదరపు సెంటీమీటర్లు, 280కి 392. పేరులో 40 తేడా, పనిలో 36 శాతం ఎక్కువ. 360 వైశాల్యం 432, అంటే 280 దానికి పెద్దగా వెనకబడి లేదు. చిన్న క్యాబినెట్‌లో పొడవు దొరకదు కానీ వెడల్పు ఒక్కోసారి దొరుకుతుంది. అందుకే 280 పట్టే పెట్టె అంటే కాస్త ప్రత్యేకంగా చూడాలి. ఒకే ఫ్యాను ఉండే 120 రేడియేటర్ మాత్రం 200 వాట్ల ప్రాసెసర్‌కు చాలదు. మంచి ఎయిర్ కూలర్ దాన్ని తేలిగ్గా దాటేస్తుంది. ఎయిర్ కూలర్‌కు ఎత్తు లేని పెట్టెల్లో, ఓ మోస్తరు ప్రాసెసర్‌కు మాత్రమే దానికి అర్థం ఉంది.

మందం సంగతి ఇంకా ముఖ్యం. మామూలు రేడియేటర్ 27 మి.మీ., మామూలు ఫ్యాను 25 మి.మీ., కలిపి 52. పెట్టె కొలతల పట్టికలో 50 మి.మీ. అని రాసి ఉంటే ఆ రెండు మిల్లీమీటర్లను ఎవరూ ఇవ్వరు. 15 మి.మీ. సన్న ఫ్యాన్లు వేస్తే 42కి వస్తుంది. కానీ సన్న ఫ్యాను రెక్కలకు గాలిని గట్టిగా తోసే బలం తక్కువ, దట్టమైన రేడియేటర్‌లోంచి గాలిని దాటించడానికి ఎక్కువ వేగంతో తిరగాలి, అంటే ఎక్కువ చప్పుడు. ఫ్యాను వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకు ఈ బేరం బొత్తిగా గిట్టదు.

ఈ చిన్న పెట్టెల సంస్కృతి కొన్ని పేర్ల చుట్టూ పెరిగింది. ఎన్‌కేస్ ఎం1 దాదాపు పన్నెండున్నర లీటర్లు. 2013లో జనం ముందే డబ్బు కట్టి చేయించుకున్న పెట్టె అది, పక్క గోడకు 240 రేడియేటర్ పడుతుంది. డాన్ ఏ4 అయితే 7.2 లీటర్లే. మదర్‌బోర్డు ఒకవైపు, గ్రాఫిక్స్ కార్డు దాని వీపుకు వీపు ఆనించి ఇంకోవైపు, మధ్యలో పల్చటి గోడ. ఈ అమరికను శాండ్‌విచ్ అంటారు. అందులో 92 మి.మీ. ఫ్యానుకు సరిపోయే బుల్లి రేడియేటర్ తప్ప ఇంకేదీ పట్టదు. దాని వైశాల్యం 85 చదరపు సెంటీమీటర్లు, 240తో పోల్చితే మూడో వంతు కూడా లేదు. 2020లో వచ్చిన కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 పద్దెనిమిది లీటర్ల పెట్టె. అందులో రేడియేటర్‌కూ చోటుంది, ఓ మాదిరి ఎత్తున్న ఎయిర్ కూలర్‌కూ చోటుంది. పద్దెనిమిది లీటర్లకు వచ్చేసరికి నీళ్లు తప్పనిసరి కాదు, ఇష్టాన్ని బట్టి. పదికీ పదిహేనుకూ మధ్యే అసలు తర్జనభర్జన.

కొలతల పట్టిక చెప్పని సంగతి గొట్టాలది. రెడీమేడ్‌గా వచ్చే ఆల్ ఇన్ వన్ కూలర్ల గొట్టాల్ని పెద్ద టవర్ల కోసం పొడుగ్గా చేస్తారు. చిన్న పెట్టెలో ఆ పొడవే తలనొప్పి. లోపల గట్టి రబ్బరు, పైన అల్లిన తొడుగు. కొత్తలో అయితే వంచబోతే స్ప్రింగులా వెనక్కి తిరగబడుతుంది. మూత పెట్టబోతే గొట్టం మూతను పైకి తోస్తుంది. మూతను బలవంతంగా నొక్కి స్క్రూ బిగిస్తే గొట్టం వెళ్లి ర్యామ్ మీదో, పవర్ సప్లై కేబుల్ మీదో పడుతుంది. ఆ కేబుల్ మిల్లీమీటరు జరిగి ఫ్యాను రెక్కకు తగులుతుంది. కంప్యూటర్ ఆన్ చేశాక ఠకఠకమని శబ్దం వస్తే మళ్లీ అంతా విప్పాలి. మరీ ఎక్కువ వంచితే గొట్టం నలిగి నీటి దారి సన్నబడుతుంది. అందుకే చిన్న పెట్టెలో రేడియేటర్‌ను ముందు ఉత్తినే పట్టించి, గొట్టం ఏ దారిన పోతుందో చూసుకుని, ఆ తర్వాత మిగతావి బిగించడం మంచిది. ప్రాసెసర్ మీద కూర్చునే పంపు తలను ఒక పావు తిప్పి పెడితే గొట్టాలు వేరే వైపు తిరుగుతాయి. కంపెనీ గుర్తు పక్కకు తిరిగి కనబడితే కనబడనివ్వండి.

పంపు ఎక్కడుందన్నది కూడా చూడాలి. డెన్మార్క్‌కు చెందిన ఏసటెక్ పంపునూ రాగి పలకనూ ఒకే ముక్కగా చేసే పద్ధతికి పేటెంట్లు తీసుకుంది. మార్కెట్‌లో వేర్వేరు పేర్లతో అమ్ముడైన చాలా కూలర్ల లోపలి సరుకు ఆ కంపెనీదే. కూలర్ మాస్టర్ మీద వేసిన దావాలో 2014లో అమెరికా జ్యూరీ ఏసటెక్ పక్షాన తీర్పు చెప్పింది. పంపును గొట్టం మధ్యలోకో, రేడియేటర్‌లోకో మార్చిన కూలర్లు కూడా మార్కెట్‌లో ఉన్నాయి. పెద్ద పెట్టెలో ఇది ఎవరికీ పట్టదు. చిన్న పెట్టెలో మాత్రం ప్రాసెసర్ మీద పంపు లేకపోతే రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు మిగులుతుంది. బదులుగా పంపు ఉన్నచోట గొట్టం వంగదు.

ఎవరి వేడి ఎవరికి

రేడియేటర్ పట్టింది. ఇక దాని ఫ్యాన్లు గాలిని లోపలికి లాగాలా, బయటికి తోయాలా? పెద్ద క్యాబినెట్‌లో ఎలా పెట్టినా రెండు మూడు డిగ్రీల తేడాతో పోతుంది. చిన్నదాంట్లో ఇది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఇద్దరిలో ఎవరికో ఒకరికి నష్టం తెచ్చే పంచాయితీ.

గది 25 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 250 వాట్లు, పెట్టెలో సాగే గాలి నిమిషానికి ఒక ఘనపు మీటరు అనుకుందాం. కార్డు వేడంతా ఆ గాలిలో కలిస్తే గాలి 12.5 డిగ్రీలు పెరిగి 37.5కి చేరుతుంది. రేడియేటర్ గాలిని బయటికి తోసేలా ఉంటే దానికి అందేది ఈ ఎంగిలి గాలే. రేడియేటర్ ఎంత మంచిదైనా తనకు అందిన గాలి కంటే నీటిని చల్లగా చేయలేదు కాబట్టి ప్రాసెసర్ కూడా ఆ 12.5 డిగ్రీలూ పైకి జరుగుతుంది. తిప్పి పెట్టి, రేడియేటర్ బయటి గాలిని లోపలికి లాగేలా చేస్తే ప్రాసెసర్ హాయిగా ఉంటుంది. కానీ దాని 120 వాట్లూ పెట్టె లోపలే విడుదలై గాలిని ఆరు డిగ్రీలు వేడెక్కించి కార్డు మొహాన కొడతాయి.

లెక్క చూస్తే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. ఎక్కువ వేడి వదిలేది గ్రాఫిక్స్ కార్డు. దాని వేడి ప్రాసెసర్‌కు తగిలితే పన్నెండు డిగ్రీలు, ప్రాసెసర్ వేడి దానికి తగిలితే ఆరు. గేములు ఆడే కంప్యూటర్‌లో రేడియేటర్ లోపలికి లాగడమే మేలని ఈ లెక్క చెబుతుంది. కాకపోతే అన్నిటికంటే మంచిది ఇద్దరికీ వేర్వేరు కిటికీలు ఇవ్వడం. కార్డు తన ఫ్యాన్లతో పక్క గోడ చిల్లుల్లోంచి నేరుగా బయటి గాలి పీల్చేలా, రేడియేటర్ ఇంకో గోడకు ఉండేలా అమరిస్తే ఈ పంచాయితీ చాలావరకు ఉండదు. శాండ్‌విచ్ పెట్టెల బలం అక్కడే ఉంది. ఏడు లీటర్ల పెట్టె కొన్నిసార్లు పద్నాలుగు లీటర్ల పెట్టె కంటే చల్లగా నడవడానికి కారణం కూడా అదే.

రాగి పలక కింద ఏం జరుగుతోంది

ఇంత చేశాక కూడా ప్రాసెసర్ 90 డిగ్రీలు చూపిస్తే నిరాశ కలుగుతుంది. 240 తీసేసి ఇంకా పెద్ద రేడియేటర్ పెడదామనిపిస్తుంది. ఆగి చూడాల్సింది చిప్ సైజు.

రైజెన్ 7000 వరుసలో లెక్కలు చేసే చిప్‌లెట్ (ప్రాసెసర్‌లోని చిన్న చిప్ ముక్క) వైశాల్యం 71 చదరపు మి.మీ. మాత్రమే, చిటికెన వేలి గోరంత. దానిలోంచి 100 వాట్లు వస్తే చదరపు సెంటీమీటరుకు 140 వాట్లు. 18 సెం.మీ. వెడల్పున్న 2000 వాట్ల కరెంటు పొయ్యిని తీసుకుంటే, ఎర్రగా కాలుతున్న దాని పలక మీద చదరపు సెంటీమీటరుకు ఎనిమిది వాట్లే. ఇంత ఇరుకులోంచి వేడి బయటపడి, చిప్ పైనున్న లోహపు మూత దాటి, మధ్య సందును నింపే థర్మల్ పేస్ట్ అనే లేపనం దాటి, రాగి పలక దాటి నీళ్లను చేరాలి. ఆ ప్రయాణంలోనే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది.

ఉదాహరణకు గాలి 25, నీళ్లు 35, చిప్ 85 అనుకోండి. మొత్తం 60 డిగ్రీల తేడాలో 50 చిప్‌కూ నీళ్లకూ మధ్యే ఉంది. రేడియేటర్ చేతిలో ఉన్నది మిగిలిన పదే. రేడియేటర్‌ను రెట్టింపు చేస్తే ఆ పది అయిదవుతుంది, చిప్ 85 నుంచి 80కి దిగుతుంది. పెట్టెను మార్చి, డబ్బు పోసి, గొట్టాలతో కుస్తీ పట్టి సాధించింది అయిదు డిగ్రీలు. పేస్ట్ సరిగ్గా పరచుకుని, పలక సమంగా బిగించుకుంటే ఒక్కోసారి అంతే లాభం రూపాయి ఖర్చు లేకుండా వస్తుంది. పైగా 7950ఎక్స్ లాంటి ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలకడగా పనిచేసేలా తయారైనవేనని ఏఎండీయే చెప్పింది. ఆ అంకె చూసి టెన్షన్ పడటం అలవాటు కొద్దీ జరుగుతోంది తప్ప అవసరం కొద్దీ కాదు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర కథ తిరగబడుతుంది. ఆర్‌టీఎక్స్ 4090లోని చిప్ దాదాపు 609 చదరపు మి.మీ. దాని 450 వాట్లూ ఆ చిప్‌వే అనుకున్నా చదరపు సెంటీమీటరుకు 74 వాట్లు, పైన చెప్పిన ప్రాసెసర్‌లో సగం. మీద మూత కూడా ఉండదు, పలక నేరుగా సిలికాన్ మీదే ఆనుతుంది. కాబట్టి అక్కడ చిప్‌కూ నీళ్లకూ మధ్య పోయేది తక్కువ, మొత్తం తేడాలో రేడియేటర్ చేతిలో ఉన్న వాటా ఎక్కువ. చిత్రమేమిటంటే జనం నీళ్లు పెట్టేది ఎక్కువగా ప్రాసెసర్‌కు, నీళ్ల వల్ల నిజంగా బాగుపడేది గ్రాఫిక్స్ కార్డు. ఏఎండీ 2015లో ఈ పని చేసి చూపింది. రేడియాన్ ఆర్9 ఫ్యూరీ ఎక్స్ అనే కార్డు 275 వాట్లది, పొడవు ఇరవై సెంటీమీటర్ల లోపే, దానికి గొట్టాలతో 120 రేడియేటర్ వేలాడుతూ వచ్చేది. చిన్న పెట్టెలకు అది సరిగ్గా సరిపోయింది. మొదట్లో వచ్చిన కొన్ని కార్డుల్లో పంపు కీచుమనేదన్న ఫిర్యాదు తప్ప ఆలోచన మాత్రం సరైనదే. 2017లో కోర్సెర్ వన్ అనే పన్నెండు లీటర్ల రెడీమేడ్ కంప్యూటర్ ప్రాసెసర్‌కూ కార్డుకూ వేర్వేరు రేడియేటర్లు పెట్టి, వేడి గాలిని పైనున్న ఒకే పెద్ద ఫ్యానుతో తోసేసింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2025లో ఎన్విడియా సొంతంగా చేసిన 5090 కార్డు 575 వాట్లనూ రెండు స్లాట్ల మందంలో గాలితోనే తట్టుకుంది. బోర్డును మధ్యకు కుదించి, రెండువైపులా గాలి ఆ పక్క నుంచి ఈ పక్కకు అడ్డం లేకుండా దూసుకుపోయేలా చేశారు, చిప్ మీద పేస్ట్‌కు బదులు లిక్విడ్ మెటల్ వేశారు. కాకపోతే ఆ 575 వాట్ల వేడి గాలి కార్డు దాటి ప్రాసెసర్ కూలర్ వైపే వెళ్తుంది. చిన్న పెట్టె ఎవరి వేడినీ మరిచిపోదు.

వేగం, చప్పుడు, మరిచిపోయిన పక్కవాళ్లు

నీళ్ల వల్ల నిజంగా దొరికే సుఖం ఒకటుంది, అది నిదానం. ఏదైనా ప్రోగ్రామ్ తెరవగానే చిప్ ఉష్ణోగ్రత రెప్పపాటులో ఇరవై ముప్పై డిగ్రీలు ఎగిరి మళ్లీ పడుతుంది. ఫ్యాను వేగాన్ని దానికి ముడిపెడితే గుయ్‌మని లేవడం, అణగడం, మళ్లీ లేవడం. నీళ్లు అలా కాదు. రెండు వందల మి.లీ. నీళ్లున్న కూలర్ మీద 150 వాట్లు పడితే, బయటికి ఏమీ పోకపోయినా ఒక్క డిగ్రీ ఎక్కడానికి అయిదారు సెకన్లు పడుతుంది. రేడియేటర్ లోహాన్ని కూడా కలుపుకుంటే ఇంకొంచెం. కాబట్టి ఫ్యాను వేగాన్ని చిప్ ఉష్ణోగ్రతకు కాక నీళ్ల ఉష్ణోగ్రతకు ముడిపెడితే చిన్నచిన్న ఎగుడుదిగుళ్లు చెవికి తెలియవు. నీటి సెన్సర్ లేని కూలర్లయితే బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఫ్యాను వేగం పెరగడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెట్టుకుంటే దాదాపు అదే ఫలితం.

చప్పుడు విషయంలో ఒక మెలిక కూడా ఉంది. చిన్న కంప్యూటర్ బల్ల కింద ఉండదు, బల్ల మీద, చెవికి రెండు అడుగుల దూరంలో ఉంటుంది. ఎయిర్ కూలర్ పని లేనప్పుడు ఫ్యాను దాదాపు ఆపేసి నిశ్శబ్దంగా ఉండగలదు. పంపు మాత్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి. ఫ్యాను హోరు కంటే సన్నటి కీచు ధ్వని చెవిని ఎక్కువ గుచ్చుతుంది. నిశ్శబ్దం కోసమే చిన్న పెట్టెలో లిక్విడ్ కూలింగ్ పెడదామనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఇక పక్కవాళ్లు. పొట్టి ఎయిర్ కూలర్ గాలిని కిందికి ఊదుతుంది. ప్రాసెసర్‌ను తాకాక ఆ గాలి ర్యామ్ మీదుగా, ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎం భాగాల మీదుగా, డేటా దాచే ఎం.2 ఎస్‌ఎస్‌డీ మీదుగా పోతుంది. ఎవరూ అడగకపోయినా దొరికే సేవ ఇది. దాని స్థానంలో పంపు తల వచ్చి కూర్చుంటే ఆ గాలి ఆగిపోతుంది. మినీ ఐటీఎక్స్ బోర్డు మీద ఇవన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, కాబట్టి దెబ్బ కూడా ఎక్కువే. ప్రాసెసర్ పది డిగ్రీలు తగ్గి ఎస్‌ఎస్‌డీ పదిహేను పెరిగితే దాన్ని లాభమని చెప్పలేం. కొన్ని కూలర్లు పంపు తల మీదే చిన్న ఫ్యాను పెట్టి ఈ తప్పును దిద్దుతున్నాయి.

నీళ్లు పాతబడితే

గొట్టాలు ఎంత బాగా మూసి ఉన్నా రబ్బరు గోడల్లోంచి నీరు కొద్దికొద్దిగా ఆవిరై పోతూనే ఉంటుంది. లీకు కాదు, తడి కూడా కనబడదు. పోయిన నీటి చోటులో గాలి చేరుతుంది. గాలి ఎప్పుడూ పైనే ఉంటుంది కాబట్టి పంపు మొత్తం అమరికలో అందరికంటే ఎత్తున ఉండకూడదు. రేడియేటర్‌లో కొంత భాగమైనా పంపు కంటే పైన ఉంటే గాలి అక్కడ చేరి ఊరుకుంటుంది. రేడియేటర్‌ను పెట్టె అడుగున పడేసి పంపును పైన పెడితే గాలి పంపులోకి వస్తుంది. అప్పుడు గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు, తర్వాత నీటి ప్రవాహం తగ్గడం, ఆఖరుకు పంపు అరిగిపోవడం. చిన్న పెట్టెను నిలబెట్టి వాడేవాళ్లూ ఉంటారు, పడుకోబెట్టి వాడేవాళ్లూ ఉంటారు. పడుకోబెట్టిన రోజు పైనున్నది ఏదో ఇంకోసారి చూసుకోవాలి.

లోపల ఉండేది ఉత్త నీళ్లు కావు. రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ ఒకే నీటిలో ఉంటే అది నెమ్మదిగా బ్యాటరీలా పనిచేసి అల్యూమినియంను తినేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి గ్లైకాల్, తుప్పు పట్టనివ్వని రసాయనాలు కలుపుతారు. సొంతంగా గొట్టాలు, పంపు, రేడియేటర్ కొని కస్టమ్ లూప్ కట్టుకునేవాళ్లు అందుకే అల్యూమినియం జోలికి పోకుండా మొత్తం రాగి, ఇత్తడి మీదే ఉంటారు. డిస్టిల్డ్ వాటర్ కరెంటును పారనివ్వదు కదా, కారినా ఫర్వాలేదనుకోవడం కూడా పొరపాటే. లోహాలను తాకుతూ కొన్నాళ్లు తిరిగాక అది కరెంటును పారనిస్తుంది.

అన్నిటికంటే ముందు బయోస్

చిప్ తీసుకునే కరెంటు దాని వోల్టేజీ వర్గాన్నీ, వేగాన్నీ బట్టి పెరుగుతుంది. రెండింటినీ పది శాతం తగ్గిస్తే 0.9ని మూడుసార్లు హెచ్చించాలి, 0.73 వస్తుంది. అంటే పది శాతం వేగం వదులుకుంటే నాలుగో వంతుకు పైగా వేడి మాయమవుతుంది. తయారీదారులు పరీక్షల్లో ఒక మెట్టు పైన కనబడాలని ప్రాసెసర్లను ఆ చివరి పది శాతం కోసమే పరిగెత్తిస్తుంటారు. 230 వాట్ల ప్రాసెసర్ కొని, దాన్ని చల్లార్చడానికి పెట్టెనంతా రేడియేటర్‌తో నింపే బదులు, బయోస్‌లో పవర్ లిమిట్ తగ్గించడమో, రైజెన్ 7 7700 లాంటి 65 వాట్ల తరగతి చిప్ కొనడమో చాలామందికి సరైన దారి. ఆ 7700 పూర్తి జోరులోనూ 88 వాట్లు దాటదు. పది లీటర్ల లోపు పెట్టెల్లో పొట్టి ఎయిర్ కూలర్‌తో ఇది నడిచిపోతుంది. గంటల తరబడి వీడియో రెండరింగ్ చేసేవాళ్లకు, నాలుగు వందల వాట్ల కార్డును మూలన కూర్చోబెట్టాల్సినవాళ్లకు నీళ్లతో నిజంగా పని ఉంది.

అక్కడితో ఆగని వాళ్లూ ఉన్నారు. పెట్టెలో రేడియేటర్‌కు చోటు లేకపోతే దాన్ని బయటే పెట్టేస్తారు. జర్మనీలోని వాటర్‌కూల్ కంపెనీ మోరా రేడియేటర్లు ఇందుకు పేరుపడ్డవి. ఒక రకానికి తొమ్మిది 120 ఫ్యాన్లు మూడు వరుసల్లో పడతాయి, 360 పేరున్న మామూలు రేడియేటర్‌కు మూడింతల ముఖం. గొట్టాల మధ్య క్విక్ డిస్‌కనెక్ట్ బిగింపులుంటాయి, చుక్క నీరు కారకుండా లాగి విడదీయొచ్చు. ఫ్యాన్లు వినబడనంత నెమ్మదిగా తిరుగుతాయి, నీళ్లు గది కంటే కొన్ని డిగ్రీలే ఎక్కువ ఉంటాయి. బల్ల మీద ముచ్చటగా ఏడు లీటర్ల కంప్యూటర్, దాని వెనక నుంచి రెండు నల్లటి గొట్టాలు, బల్ల కింద ఆ కంప్యూటర్ కంటే పెద్ద రేడియేటర్.